పలుగురాయి వంటగట్టు

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

ఈసారి సావనీరుకు అందరూ కవితలే ఇస్తున్నారనీ, సైన్సు గ్రూపుల నుంచి ఒక్క వ్యాసమూ రాలేదనీ మా యూనియన్ కార్యదర్శి హాస్టలు గదికి వచ్చి మరీ అడిగాడు. బ్లాక్ హోల్సు మీద ఏమైనా వ్రాయమన్నాడు. బ్లాక్ హోలును నేను చూడలేదు, చూసినదాన్ని గురించి అయితే వ్రాస్తానన్నాను. ఏం చూశావు అన్నాడు. మా అక్క ఇంట్లో వంటగట్టు మీద ఒక మచ్చ చూశానన్నాను. అతను కాసేపు నవ్వి, సరే అదే వ్రాయి, పేజీలు నిండితే చాలు అన్నాడు. కాబట్టి ఈ వ్యాసానికి తప్పొప్పుల బాధ్యత సగం అతనిది.

ముందు ఆ మచ్చ సంగతి చెబుతాను. మాది చీమకుర్తికి దగ్గరలో ఒక పల్లె. శనగ, పొగాకు వేసుకునే మెట్ట వ్యవసాయం. మా ఇంట్లో వంటగట్టు గెలాక్సీ గ్రానైటుది. అంత మాత్రాన మమ్మల్ని శ్రీమంతులనుకోవద్దు. క్వారీల దగ్గర పనికిరావని పక్కన పారేసిన ముక్కలను మా నాయన ట్రాక్టరులో తెచ్చి, అతుకులు అతుకులుగా పరిపించాడు. ఎక్కడెక్కడి దేశాలకో ఓడలెక్కి పోయే రాయి మీద మా అమ్మ పదిహేనేళ్ళుగా పొయ్యి మీది గిన్నెలు దించిపెడుతూనే ఉంది. దానికి ఏమీ కాలేదు.

మా అక్కను హైదరాబాదు ఇచ్చాము. బావ వాళ్ళు కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నారు. వాళ్ళ వంటగట్టు పాలలాగా తెల్లగా, ఒక్క అతుకు లేకుండా ఉంటుంది. 2025 సంక్రాంతికి అరిసెలు వండిపెట్టడానికి అమ్మ వెళ్ళింది. గట్టు చూసి, "ఇదేం రాయే?" అని అడిగిందట. "క్వార్ట్జు అమ్మా, మన గ్రానైటు కంటే ఇంకా గట్టిది" అంది అక్క. ఈ ఒక్క మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. గట్టిది అన్నారు కదా అని, ఆఖరి వాయి తీయగానే కాగుతున్న నూనెతో ఉన్న ఇనప మూకుడును అమ్మ గట్టు మీదికి దించింది. అడుగు చదునుగా ఉన్న మూకుడు అది. దాన్ని మళ్ళీ ఎత్తేసరికి సరిగ్గా అరిసె అంత గుండ్రటి మచ్చ, పసుపూ గోధుమా కలిసిన రంగులో.

అమ్మ కంగారుపడి బూడిద కోసం వెతికింది. హైదరాబాదు ఫ్లాటులో బూడిద ఎక్కడిది? అందుకని గిన్నెలు తోమే ఇనప పీచు, సబ్బుపొడి పెట్టి అరగంట రుద్దింది. మచ్చ పోలేదు గాని, దాని చుట్టూ జానెడు మేర నునుపు పోయి మసకబారింది. అప్పుడే అక్క అత్తగారు లోపలికి వచ్చారు. ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు. "పోనీలెండి వదినగారూ, పల్లెటూళ్ళో అలవాటు" అన్నారు. కనుమ దాకా ఉందామని వెళ్ళిన మా అమ్మ పండగనాడే బస్సెక్కి వచ్చేసింది. ఆ తరువాత అక్క ఎన్నిసార్లు పిలిచినా, "శనగ కోతలున్నాయే", "మిరపకాయలు ఎండబెట్టాలే" అంటుంది. మేము ఆ ఏడు మిరప వెయ్యనే లేదు.

అందుచేత నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టింది విజ్ఞానతృష్ణతో అని అబద్ధం చెప్పను. ఆ మచ్చ మా అమ్మ అలవాటు వల్ల వచ్చిందా, రాయి స్వభావం వల్ల వచ్చిందా తేల్చాలని నాకు పట్టుదల కలిగింది.

క్వార్ట్జు అంటే మనకు కొత్త వస్తువు కాదు, పలుగురాయే. చేలో నాగలికీ గుంటకకూ అడ్డం వచ్చే తెల్లరాళ్ళు అవే. చిన్నప్పుడు చీకట్లో రెండు పలుగురాళ్ళు తీసుకుని రాపాడిస్తే లోపల వెలుగు పుట్టేది. మండిన వాసన కూడా వచ్చేది. అది దయ్యాల పని అని మా తాతయ్య, రాపిడి వల్ల పుట్టే కాంతి అని మా ఫిజిక్సు మాష్టారు. రసాయనశాస్త్రంలో దాన్ని సిలికాన్ డయాక్సైడ్ అంటాం. నెల్లూరు జిల్లా సైదాపురం వైపు దీనికి గనులే ఉన్నాయి. 1812లో మోస్ అనే శాస్త్రవేత్త ఖనిజాల కాఠిన్యానికి పది మెట్ల వరుస ఏర్పరిచాడు. అందులో వజ్రం పదో మెట్టు అయితే పలుగు ఏడో మెట్టు. మన వంటింటి చాకు ఆరుకు అటూ ఇటూగా ఉంటుంది. పలుగు కరగాలంటే దాదాపు 1,700 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణం కొద్దిగా మారుతుంది. అరిసెల నూనె 180 దాటితే అరిసెలు మాడిపోతాయి. అలాంటప్పుడు అరిసెల మూకుడు పలుగురాయిని ఏం చెయ్యగలదు?

ఏమీ చెయ్యలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. కాలింది పలుగు కాదు.

అక్క వాళ్ళ గట్టు కొండలో నుంచి కోసుకొచ్చిన రాయి కాదు, పోత పోసిన రాయి. పలుగును రవ్వగా, పిండిగా కొట్టి, దానిలో పాలియెస్టర్ రెజిన్ అనే జిగురునూ రంగులనూ కలిపి, గాలి తీసేసిన గదిలో అదురుతూ అదుముతూ పలకలుగా నొక్కుతారు. తరువాత ఒక మోస్తరు వేడి మీద జిగురు గట్టిపడేలా చేసి పాలిషు పడతారు. ఈ పద్ధతికి ఆద్యులు ఇటలీలోని బ్రెటన్ కంపెనీవారు. ఇప్పుడు మన విశాఖపట్నం దగ్గరా, హైదరాబాదు దగ్గరా కూడా ఇటువంటి ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. బరువు లెక్కన ఈ పలకలో తొంభై పాళ్ళకు పైగా పలుగు, ఏడు నుంచి పది పాళ్ళు రెజిన్ ఉంటుంది. అమ్మేవాళ్ళు ఈ తొంభై సంగతే చెబుతారు. నేను ఒక లెక్క వేసి చూశాను. పలుగు సాంద్రత 2.65, రెజిన్‌ది సుమారు 1.2. నూరు గ్రాముల పలకలో 92 గ్రాములు పలుగు అనుకుంటే అది ఆక్రమించే చోటు 34.7 ఘనపు సెంటీమీటర్లు. మిగతా 8 గ్రాముల రెజిన్ 6.7 ఘనపు సెంటీమీటర్లు. అంటే బరువులో ఎనిమిది పాళ్ళే అయినా, చోటులో దాదాపు పదహారు పాళ్ళు జిగురుదే! ఆరింట ఒక వంతు ప్లాస్టిక్కు అయిన గట్టును మనం రాయి అని పిలుస్తున్నాం.

ఈ రెజిన్ ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరిగే రకం కాదు. మైనంలా కరిగితే చల్లార్చి సరిచేసుకోవచ్చు. ఇది మాడుతుంది. అడుగంటిన అన్నం మళ్ళీ బియ్యం కానట్టే, మాడిన రెజిన్ మళ్ళీ తెల్లబడదు. 150 డిగ్రీలు దాటిన వస్తువును పెట్టవద్దని తయారీదార్లలో చాలామంది చెబుతారు. కొందరు అసలు వేడి వస్తువేదీ తిన్నగా పెట్టొద్దంటారు. ఇంకొక సంగతి, వేడికి రెజిన్ పలుగు కంటే కొన్ని రెట్లు ఎక్కువగా సాగుతుంది. గిన్నె కింది భాగం సాగి, చుట్టూ ఉన్న చల్లటి భాగం సాగకపోతే లోపల ఒత్తిడి పుట్టి పలక చిట్లవచ్చు.

పుస్తకం మీద నమ్మకం లేక కాదు గాని, కళ్ళారా చూడాలనిపించింది. రాళ్ళు కోసే షాపుకు వెళ్ళి మూడు ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. ఒకటి గెలాక్సీ, ఒకటి కడప నల్లరాయి, ఒకటి తెల్ల క్వార్ట్జు. మా ల్యాబులో అటెండరు గారు ఇనప మూకుడు తెచ్చిపెట్టారు. (ఆ తరువాత ల్యాబులో పకోడీల వాసన వస్తోందని ప్రచారం జరిగింది. అది నిజం కాదు.) మొదట మరిగే నీళ్ళ గిన్నెను ఒక్కొక్క ముక్క మీదా పది నిమిషాలు పెట్టాము. ఏ రాయికీ ఏమీ కాలేదు. తరువాత వేరుశనగ నూనెను 190 డిగ్రీల దాకా కాచి ఆ మూకుడు పెట్టాము. గెలాక్సీ చలించలేదు, కడప రాయీ చలించలేదు. క్వార్ట్జు ముక్క నుంచి మాత్రం కొద్దిగా వాసన వచ్చింది, చల్లారాక చూస్తే లేత పసుపు వలయం ఉంది. చివరగా ఖాళీ పెనం పది నిమిషాలు మంట మీద కాల్చి పెట్టాము. క్వార్ట్జు మీద గోధుమరంగు మచ్చ పడి, మెరుపు పోయింది. ఒకసారి చూసి తీర్మానం చెయ్యకూడదని మా లెక్చరరు గారు అంటే, ముక్క రెండో కొసన మళ్ళీ చేశాము. అదే ఫలితం. మా అక్క ఇంటి మచ్చకు తమ్ముడు పుట్టాడు.

అంటే మరిగే పాలగిన్నెతో సామాన్యంగా ప్రమాదం లేదు. నీళ్ళున్నంత సేపూ దాని వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ప్రెషరు కుక్కరు లోపల 120 దాకా పోతుంది, దాన్ని అప్పుడప్పుడు పెడితే పెద్దగా కాకపోవచ్చు గాని రోజూ ఒకే చోట పెట్టడం మంచిది కాదు. నూనె మూకుడు, దోసెల పెనం, తిరగమోత గరిటె, ఈ మూడూ అసలైన శత్రువులు. ఎలక్ట్రిక్ రైసు కుక్కరు వంటివి అంత వేడెక్కకపోయినా గంటల తరబడి ఒకేచోట కూర్చుంటాయి కాబట్టి వాటి కింద ఒక చెక్కపలక వెయ్యాలి.

"గట్టి" అనే మన మాట గురించి ఇక్కడ ఒక మనవి. గీత పడనిదీ గట్టిదే, పగలనిదీ గట్టిదే, కాలనిదీ గట్టిదే మనకు. శాస్త్రంలో ఈ మూడూ మూడు వేరు వేరు గుణాలు. అక్క చెప్పిన గట్టితనం మొదటిది, అమ్మ అర్థం చేసుకున్నది మూడోది. ఇద్దరిదీ తెలుగే.

గీతల సంగతి చూద్దాం. చాకుతో క్వార్ట్జు ముక్క మీద గీస్తే బూడిదరంగు గీత పడింది. భయపడి తడిగుడ్డతో, కాస్త సబ్బుతో తుడిస్తే పోయింది. అది రాయి మీద పడ్డ గీత కాదు, చాకు అరిగి రాయికి అంటిన ఇనుము. అయినా గట్టు మీదే కూరలు తరగకూడదు, చాకు మొద్దుబారుతుంది, మధ్యనున్న రెజిన్ మెత్తనిది గనుక కాలక్రమాన మెరుపు తగ్గుతుంది. మా చేలో పలుగురాయితో గీస్తే మాత్రం నిజంగానే గీత పడింది. దానికి సమఉజ్జీ అదే కదా. ఇసుక అంటే పలుగు పొడే. అందుకని ఇసుక అంటుకున్న అడుగుతో బిందెనో బియ్యం డబ్బానో గట్టు మీద ఈడ్చకూడదు, ఎత్తి పెట్టాలి. ఇనప పీచు, తోముడు పొడులు కూడా అందుకే నిషిద్ధం. మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే ద్రవం, ఇంతకు మించి రోజువారీగా ఏమీ అక్కర్లేదు.

పగలడం గురించి. పలక మధ్యలో బాగా బలమే గాని అంచులు, సింకు కోసం కోసిన మూలలు బలహీనం. ఆ మూలలను సూదిగా కోయించకుండా గుండ్రంగా కోయించాలి. సూది మూల దగ్గర ఒత్తిడి అంతా పోగుపడుతుంది, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. అటక మీది ఊరగాయ జాడీ కోసం గట్టెక్కి నిలబడడం, అందులోనూ సింకు పక్కన, చెయ్యరాని పని. మన ఇళ్ళలో ఇటుక గోడల మీద కూర్చున్న గట్టుకూ, చెక్క బీరువాల మీద నిలిచిన ఈ పలకకూ తేడా ఉంది. కొబ్బరికాయ గట్టు అంచుకు కొట్టడం, అల్లం వెల్లుల్లి దంచే చిన్న రోలు నేరుగా పెట్టి దంచడం కూడా మానాలి.

ఇక మరకలు. ఇక్కడ క్వార్ట్జును మెచ్చుకోవాలి. నిమ్మచెక్క పిండితే కడప రాయి సన్నగా నురగలు కక్కింది, ఆరాక అక్కడ మసకబారింది. కడప రాయి, తాండూరు బండ, బేతంచెర్ల బండ ఇవన్నీ సున్నపురాయి జాతి. పులుపు తగిలితే కాల్షియం కార్బొనేటు కరిగిపోతుంది. చింతపండు పులుసు పడ్డ కడప గట్టు మీద మచ్చలు అందువల్లే. క్వార్ట్జుకు నిమ్మకాయ, చింతపండు, పెరుగు ఏవీ లెక్కలేదు. పైగా రంధ్రాలు లేవు కాబట్టి నూనె లోపలికి ఇంకదు, గ్రానైటుకు వేసినట్టు సీలరు వెయ్యనక్కర్లేదు. (మా గెలాక్సీ నిజానికి గ్రానైటే కాదట. భూగర్భశాస్త్రజ్ఞులు దాన్ని గాబ్రో జాతిలో చేరుస్తారు, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఈ మాట మా నాయనకు చెబితే, "రాయికి కూడా కులం మార్చారా" అన్నాడు.)

తెల్ల గట్టుకు పసుపు మాత్రం పరీక్షే. పసుపులోని కర్కుమిన్ నీళ్ళలో కరగదు, నూనెలోనూ ఆల్కహాలులోనూ కరుగుతుంది. కాబట్టి నీళ్ళతో ఎంత రుద్దినా ప్రయోజనం తక్కువ. వెంటనే సబ్బుతో కడగడం ఉత్తమం. సబ్బు తగలగానే మరక ఎర్రబడితే కంగారుపడవద్దు. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే అది క్షారం చేసే పని, నీళ్ళతో కడిగితే తగ్గుతుంది. మిగిలిన మరకకు ఆల్కహాలు శానిటైజరు కాస్త గుడ్డకు అద్ది తుడిచి, వెంటనే కడిగేయవచ్చు. ముందు ఒక మూలన పరీక్షించి చూడాలి. 2020లో కొన్న శానిటైజరు సీసాలు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. మెంతి మరకకూ కాఫీ మరకకూ సబ్బు చాలు. తడి ఇనప పెనాన్ని రాత్రంతా ఉంచితే తుప్పు మచ్చ పడుతుంది.

చెయ్యకూడని అసలు తప్పు ఇంకొకటి ఉంది. సింకు పూడుకుపోయిందని కాస్టిక్ సోడా పోస్తారు. పాలియెస్టర్ అన్న పేరులోనే ఎస్టరు ఉంది. ఎస్టరుకు క్షారం తగిలితే ఏమవుతుందో ఇంటర్మీడియెట్‌లో సబ్బు తయారుచేసిన ప్రతివాడికీ తెలుసు. ఆ సోడా గట్టు మీద పడి నిలిస్తే రెజిన్ తెగుతుంది, పలక తెల్లగా పొడిబారినట్టవుతుంది. దొడ్డిగది కడిగే యాసిడ్లు, బ్లీచింగు, పెయింటు తీసే ద్రవాలు కూడా దూరంగా ఉంచాలి. ఎండ కూడా పనికిరాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రెజిన్ పసుపుబారుతుంది. పెరట్లో, మేడ మీద గట్టు కట్టుకునేవారు క్వార్ట్జు జోలికి పోకుండా గ్రానైటే వేయించుకోవాలని నా సలహా.

రాళ్ళ షాపు సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. నేను ముక్కల కోసం వెళ్ళినప్పుడు నా ఈడు కుర్రాడు ఒకడు క్వార్ట్జు పలకకు సింకు కంత కోస్తున్నాడు. నీళ్ళు లేవు, పొడి కోత. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. కనుబొమల దాకా తెల్లటి పిండి, తిరునాళ్ళలో వేషం కట్టినట్టు. ఆ పిండిలో తొంభై పాళ్ళు పలుగే అని నాకు తెలుసు, అతనికి తెలుసో లేదో. కంటికి కనబడనంత సన్నటి పలుగుధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే వ్యాధి వస్తుంది. వస్తే నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్ ప్రాంతంలో బలపాలు కోసిన కార్మికులు ఆ జబ్బుతోనే పోయారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ కారణం చేతనే 2024 జూలై 1 నుంచి ఈ పోత రాయిని నిషేధించింది. దేశం మొత్తం మీద నిషేధించిన వాళ్ళలో వాళ్ళే మొదటివారు. ఇంట్లో నునుపైన గట్టు ఎవరికీ ఏ హానీ చెయ్యదు, ప్రమాదమంతా కోతలోనే. కనుక గట్టు వేయించుకునేవారు కొలతలన్నీ ముందే ఇచ్చి షాపులోనే, నీళ్ళు పోస్తూ కోసే చోటే కోయించాలి. ఇంట్లో కూర్చోబెట్టి పొడిగా కోయించవద్దు. తువ్వాలు ఆ ధూళిని ఆపదని ఆ అబ్బాయితో అన్నాను. "మాస్కు కట్టుకుంటే ఊపిరాడదన్నా" అన్నాడు. నాకంటే ఒక ఏడు పెద్దవాడే అయుంటాడు.

మళ్ళీ మా మచ్చ దగ్గరకు వస్తే, అటువంటి కాలిన గుర్తు పైపైనే ఉంటే పనివాళ్ళు సన్నగా అరగదీసి పాలిషు పడతారు. కాని ఆ చోటు మెరుపు మిగతా పలకతో కలవడం కష్టం. లోతుగా కాలితే పలక మార్చడమే. మా బావ అడిగితే చెప్పిన ధర ఒక ఎకరం శనగ మీద మాకు మిగిలేదానికంటే ఎక్కువే. ఆయన వద్దులే అన్నాడట. గట్టుతోపాటు ఇచ్చిన కాగితం ఒకటి అక్క సొరుగులో దొరికింది. వేడి పాత్రల కింద తప్పక ఆధారం వాడాలని అందులో ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ముగ్గురు ఉన్నారు. ఒక్కరూ చదవలేదు. అమ్మిన వ్యక్తి నోటితో చెప్పింది, "ఏం పెట్టినా ఏమీ కాదండీ" అని.

ఆ కాగితం ఫొటో, నా క్వార్ట్జు ముక్క, పట్టుకుని మొన్న సెలవుల్లో ఇంటికి వెళ్ళాను. అమ్మకు అంతా చెప్పాను, పదహారు పాళ్ళ లెక్కతో సహా. ఆవిడ ముక్కను అటూ ఇటూ తిప్పి, మచ్చ మీద వేలు పెట్టి చూసింది. "మరి కింద కుదురు పెట్టుకోమని ఒక్క ముక్క చెబితే పొయ్యేది కదరా" అంది. నాకు నోట మాట రాలేదు. రెండు నెలలుగా నేను పుస్తకాల్లో వెతుకుతున్న ఆధారం పేరు చుట్టకుదురు. మట్టికుండల కాలంలో మా నాయనమ్మ వరిగడ్డితో చుట్టేది. గడ్డిలో చిక్కుకున్న గాలికి వేడి సులభంగా దాటదు. కుండ కిందికి దొర్లిపోకుండా పట్టుకుంటుంది కూడా. గ్రానైటు వచ్చాక కుదుళ్ళు అటకెక్కాయి.

అమ్మ ఆ సాయంత్రమే గడ్డి తడిపి రెండు కుదుళ్ళు చుట్టింది. ఒకటి ల్యాబుకు తెచ్చి, 190 డిగ్రీల మూకుడు పెట్టి చూశాను. గడ్డి కొంచెం కమిలింది గాని కింది పలక గోరువెచ్చన దాటలేదు. గడ్డి కనుక మంట దగ్గరకు మాత్రం పోనివ్వకూడదు. రెండోది హైదరాబాదు పంపాము. అక్క అత్తగారు దాన్ని చూసి, తమ పుట్టింట్లో రెల్లుతో చుట్టేవాళ్ళని చెప్పి, ఇంకొకటి కావాలన్నారని అక్క ఫోను చేసింది. ఆ మాట విని అమ్మ ఏమీ అనలేదు. వచ్చే సంక్రాంతికి వెళుతుందో లేదో అడిగితే, "చూద్దాంలే" అంటోంది. గడ్డి మాత్రం మరో మోపు తడిపింది.